ఆర్టీసీ సమ్మె వాయిదా: అమ్ముడుపోయింది నాయకులా, మీడియానా?

గులాబీ_రైతు
2025 మే 7 నుంచి తెలంగాణ ఆర్టీసీ సమ్మె అన్నారు. 21 డిమాండ్లు, డిపోల ముందు ధర్నాలు, పెద్ద హడావుడి. ఆరో తేదీన కార్మిక సంఘాల ఉమ్మడి కమిటీ, అదే జేఏసీ, నాయకులు వెళ్ళి మంత్రి పొన్నం ప్రభాకర్‌ను కలిశారు. ముగ్గురు ఐఏఎస్‌లతో కమిటీ అన్న మాట చెవిన పడగానే సమ్మె వాయిదా. అంతటితో సరి.

2019లో ఇదే సంస్థలో, ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్న ఇదే విలీనం కోసం 52 రోజులు సమ్మె నడిపారు. అప్పుడు ఏ చానల్ పెట్టినా డిపో గేటే, ఏ చర్చ విన్నా కేసీఆర్ నియంతే. ఇప్పుడు ఆర్థిక పరిస్థితి బాగాలేదు, సమ్మె వద్దని రేవంత్ రెడ్డి అంటే ఆ చానళ్ళే తలలూపాయి. కేసీఆర్ అంటే అహంకారం, రేవంత్ అంటే నిజాయతీ. మీడియా అమ్ముడుపోయిందా, యూనియన్ నాయకులు అమ్ముడుపోయారా, లేక ఇద్దరికీ ఒకే కొట్టులో ఖాతా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎర్రబస్సు
ఏ చానల్ పెట్టినా అంటున్నారు. మీ ఇంటి రిమోట్‌లో టీ న్యూస్ నంబరు నొక్కితే పనిచేయదా? 2019 అక్టోబరులో నమస్తే తెలంగాణ మాత్రమే చదివినవాడికి అసలు సమ్మె ఉందా, బస్సులన్నీ నిక్షేపంగా తిరుగుతున్నాయా అన్న అనుమానం వచ్చేది. ఆ పత్రిక ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. మీ పత్రిక అప్పుడు ప్రభుత్వం మాట రాసింది, ఇప్పుడు కార్మికుల మాట రాస్తోంది. మధ్యలో మారింది కార్మికులు కాదు, కుర్చీ.

ఇంకొకటి. అక్టోబరు 5 సాయంత్రం ఆరింటికల్లా డ్యూటీలో చేరనివాళ్ళు తమను తామే ఉద్యోగం నుంచి తొలగించుకున్నట్టని మీ ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. 48 వేల మందికి పైగా ఉన్న సంస్థలో ఇక మిగిలింది 1,200 మంది మాత్రమేనన్నారు. దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఊరికే_చదువుతా
"సెల్ఫ్ డిస్మిస్." ఎవరూ తీసేయలేదు, ఉద్యోగమే తనంతట తాను లేచి వెళ్ళిపోయింది. చట్టంలో ఆ సెక్షన్ ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

మూడురంగులు
గులాబీ గారు, మీ పదేళ్ళలో పెండింగ్ పెట్టిన 2017 వేతన సవరణను ఇచ్చింది ఎవరు? 2024 మార్చిలో 21 శాతం ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, ప్రకటించింది మా కాంగ్రెస్ ప్రభుత్వమే. కార్మికులకు ఆ సంగతి తెలుసు. అందుకే కమిటీ అనగానే నమ్మారు. దానికి అమ్ముడుపోవడం అని పేరు పెట్టడం వాళ్ళను అవమానించడమే.

గులాబీ_రైతు
@మూడురంగులు 2015లో ఎనిమిది రోజుల సమ్మెకే 44 శాతం ఇచ్చాం. ఆంధ్రలో 43 ఇస్తే ఇక్కడ ఒకటి ఎక్కువే ఇచ్చాం. మీ 21 దానిలో సగం కూడా లేదు. విలీనం చట్టం 2023 ఆగస్టులో మేమే చేశాం, 43,373 మంది ఉద్యోగుల కోసం. అమలు ఎవరి చేతిలో ఉంది?

ఇందూరు_పసుపు
విలీనం కుదరనే కుదరదని 52 రోజులు చెప్పి, ఎన్నికలకు నాలుగు నెలల ముందు కుదురుతుందని కనిపెట్టారు. ఆ మహత్తర పరిశోధనకు ఇప్పుడు చప్పట్లు కొట్టాలా?

గులాబీ_రైతు
@ఇందూరు_పసుపు ఆ బిల్లును ఆపి, వివరణలు అడిగిన గవర్నర్‌ను ఎవరు పంపారో కూడా రాయండి. ఇంకో మాట. 2019లో రోజూ మైకు ముందు నిలబడిన జేఏసీ కన్వీనర్ అశ్వత్థామరెడ్డి 2021లో ఏ పార్టీలో చేరారు? మీ బీజేపీలోనే కదా, ఈటల రాజేందర్‌తో పాటు. సమ్మె ఎవరి కోసం నడిచిందో నాకు అప్పుడే అర్థమైంది.

ఇందూరు_పసుపు
చేరితే తప్పేమిటి? అంతకుముందు ఆయన సంఘం టీఎంయూకు, అంటే తెలంగాణ మజ్దూర్ యూనియన్‌కు, గౌరవాధ్యక్షుడిగా మీ హరీశ్‌రావు ఉన్నప్పుడు అది కార్మిక సంఘం, మా పార్టీలోకి వస్తే మాత్రం కుట్రా?

ఊరికే_చదువుతా
2023లో ఆయనకు వనపర్తి టికెట్ ఇచ్చి, చివరి నిమిషంలో ఇంకొకరికి మార్చారు కదా మీ వాళ్ళు. ఆర్టీసీలో కొట్టిన టికెట్టు వెనక్కి తీసుకోరు. ఆ నియమం పార్టీలకు వర్తించదేమో.

టికెట్టు_టికెట్టు
నేను కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇక్కడ మాట్లాడుతున్నవాళ్ళలో ఎవరూ డిపో లోపలి మనుషులు కారని అర్థమైంది కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

టీఎంయూ ఊరికే పెరగలేదు. 2011 సకల జనుల సమ్మెలో మేం బస్సులు ఆపాం. అప్పటిదాకా డిపోల్లో ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్ పాతుకుపోయి ఉన్నాయి. వాటి పెద్దలు ఎక్కువగా ఆంధ్ర వైపువాళ్ళు. మన రాష్ట్రం, మన సంఘం అన్న మాట మాకు బాగా నచ్చింది. 2016 జులైలో గుర్తింపు ఎన్నికలు, అంటే యాజమాన్యంతో మాట్లాడే సంఘం ఏదో కార్మికులు ఓటేసి తేల్చేవి, జరిగితే టీఎంయూకు ఓట్లు వెల్లువలా పడ్డాయి. నేనూ వేశాను. అధికార పార్టీ అండ ఉన్న సంఘమైతే పనులవుతాయన్నది అందరి లెక్క. 2015లో 44 శాతం వచ్చినప్పుడు కేసీఆర్ ఫొటోకు పాలాభిషేకం చేసినవాళ్ళు మా డిపోలో ఉన్నారు. ఆ పాలు నేనే తెచ్చాను, దాచేదేమీ లేదు.

తర్వాత ఏమయింది? సంఘం నాయకులకు డ్యూటీ రిలీఫ్ ఉండేది. అంటే జీతం వస్తుంది, బస్సు ఎక్కరు. మా డిపోలో ఒకాయన ఉండేవాడు, సంఘం పేరు చెప్పను. ఏళ్ళ తరబడి స్టీరింగు ముట్టలేదు. మాకు సెలవు కావాలన్నా, నైట్ అవుట్ సర్వీసు నుంచి మార్చాలన్నా ఆయన మేనేజరుకు ఫోను చేయాలి. ఆయనకు నమస్కారం పెట్టనివాడికి పండుగ రోజున కూడా లాంగ్ సర్వీసే. 2019 తర్వాత ఆ రిలీఫ్ తీసేశారు. యూనియన్లను అణచడానికే తీశారని నాకు తెలుసు, అయినా ఆ ఒక్క ఉత్తర్వుకు డిపోలో చాలామంది లోపల సంతోషించారు. ఎర్రబస్సు గారికి ఇది నచ్చదు.

ఇక మీడియా. సమ్మె మొదలైంది దసరాకు మూడు రోజుల ముందు. సెప్టెంబరు జీతం రాలేదు. దసరా, దీపావళి రెండూ అలాగే గడిచాయి. కిరాణా కొట్టులో ఖాతా పెరిగిపోయింది. ఆ రోజుల్లో చానళ్ళ బండ్లు గేటు దగ్గర ఉండడమే మాకు ధైర్యం, మమ్మల్ని ఎవరో చూస్తున్నారని. కానీ ఆ చానళ్ళే మా నాయకులను పాడుచేశాయి. పొద్దున ఒక స్టూడియో, మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రి చర్చ. ప్రతి చర్చలోనూ నిన్నటికంటే గట్టిగా ఒక మాట అనాలి. యాంకరు అడుగుతాడు, విలీనం మీద వెనక్కి తగ్గుతారా అని. లక్షల మంది చూస్తుండగా తగ్గుతామని ఎవడంటాడు? అక్టోబరు మూడో వారంలో గౌరవంగా దిగే దారి ఒకటి ఉండేదని నా నమ్మకం. విలీనాన్ని పక్కన పెడతామని జేఏసీ చెప్పేసరికి నవంబరు 14 వచ్చింది. 25న సమ్మె విరమించారు. మర్నాడు డ్యూటీకి పోతే గేట్లు మూసి, పోలీసులను పెట్టారు. చివరికి 28న ముఖ్యమంత్రి దయతలిస్తే 29న చేరాం.

నాయకులు డబ్బులకు అమ్ముడుపోయారని నేను అనను. వాళ్ళకు జవాబు చెప్పాల్సిన మనుషులు మారిపోయారు. మొదట పార్టీకి జవాబు చెప్పారు, తర్వాత కెమెరాకు చెప్పారు. డిపోకు మాత్రం చెప్పలేదు.

ఎర్రబస్సు
@టికెట్టు_టికెట్టు నచ్చదని ఎందుకు అనుకున్నారు? రిలీఫ్ దుర్వినియోగమైంది, నిజమే. కానీ తీసేసిన విధానం చూడండి. సంఘం వద్దన్నారు, రెండేళ్ళు ఎన్నికలు వద్దన్నారు, దాని స్థానంలో డిపోకొక సంక్షేమ మండలి పెట్టారు. డిసెంబరు 1న డిపోకు ఐదుగురిని ప్రగతి భవన్‌కు పిలిచి భోజనం పెట్టి, రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెంచి, సమ్మె కాలానికి జీతం ఇస్తామన్నారు. 52 రోజులు అడిగితే ఇవ్వనిది విందులో ఇచ్చారు. సంఘం అడిగి సాధిస్తే హక్కు, దొర పిలిచి ఇస్తే దయ. పత్రికలు ఆ రోజు రాసింది రెండోదాని గురించే, మొదటి పేజీ నిండా.

మూడురంగులు
ఆ విందు ఫొటో ఏ పత్రికలో పెద్దగా వచ్చిందో గులాబీ గారు మర్చిపోయి ఉంటారు.

గులాబీ_రైతు
మర్చిపోలేదు. 100 కోట్లు అప్పటికప్పుడు విడుదల చేశారని కూడా వచ్చింది. అది అబద్ధమా?

సుద్దముక్క
రోజూ ఆర్టీసీలో బడికి వెళ్ళే టీచర్ను. ఆ విందుకు బిల్లు కట్టింది ఎవరో కూడా రాయండి. అదే వారంలో కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెంచారు. సమ్మెలో రోజుకు 1,500 ఇచ్చి తెచ్చిన తాత్కాలిక డ్రైవర్ల బండ్లలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది మేమే. అక్టోబరు 19 దాకా బడులకు సెలవులు పొడిగించారు, పిల్లల సిలబస్ గాలికి పోయింది. ఆ 52 రోజుల్లో ఏ చానల్ చర్చలోనైనా ఒక్క ప్రయాణికుడిని కుర్చీలో కూర్చోబెట్టారా? నాకైతే గుర్తులేదు. ప్రభుత్వ అనుకూల మీడియా మమ్మల్ని కార్మికుల మీదికి ఉసిగొల్పడానికి వాడుకుంది, వ్యతిరేక మీడియా మా కష్టాన్ని ప్రభుత్వం మీదికి వాడుకుంది. బస్సు మాత్రం రాలేదు.

ఊరికే_చదువుతా
టీచర్ గారూ, ప్రయాణికులకు జేఏసీ లేదు. ముందు సంఘం పెట్టండి, గౌరవాధ్యక్షుడిగా ఒక మంత్రిని వెతుకుదాం.

సుద్దముక్క
ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చాక నిలబడే చోటే దొరకడం లేదు, సంఘం సభ ఎక్కడ పెట్టమంటారు?

మండల_విలేకరి
గులాబీ_రైతు గారి మొదటి ప్రశ్నకు నా వైపు నుంచి. నేను ఒక పత్రికకు మండల కంట్రిబ్యూటరుగా చేశాను, పేరు అనవసరం. అమ్ముడుపోవడం అన్న మాట వినగానే మీరు కవర్లు, సూట్‌కేసులు ఊహించుకుంటారు. అంత సీను ఉండదు. నాకు ఇచ్చేది లైన్ అకౌంటు, అంటే అచ్చయిన లైన్లకు లెక్కకట్టి ఇచ్చే చిల్లర. కానీ ఆగస్టు 15కు, సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనల టార్గెట్ మాత్రం కచ్చితంగా ఉంటుంది. మండలంలో ప్రకటన ఇచ్చేది ఎవరు? సర్పంచ్, ఎంపీపీ, కాంట్రాక్టరు, ప్రైవేటు బడి. నలుగురిలో ముగ్గురు అధికార పార్టీలోనే ఉంటారు. లేకపోతే ఎన్నికలైన మర్నాడు చేరతారు. వాళ్ళ మీద వార్త రాసి వాళ్ళనే ప్రకటన అడగాలి. ఎవరూ నాకు ఫోను చేసి ఇది రాయొద్దని బెదిరించనక్కర్లేదు, నా బుర్రే ఆ పని ముందుగా చేసేస్తుంది.

యూనియన్ నాయకుల సంగతి ఇంకో రకం. ఐదుగురు మనుషుల ధర్నాకు వంద మంది వచ్చినట్టు ప్రెస్ నోటు తయారుగా తెస్తారు, ఫొటో కూడా వాళ్ళదే. డెస్క్‌కు పంపితే అచ్చవుతుంది, నాకు లైన్లు వస్తాయి. దీంతో ఎక్కువ నోట్లు పంపే నాయకుడే పెద్ద నాయకుడు అవుతాడు. డిపోలో నిజంగా మనుషుల మాట వినే మెకానిక్ పేరు పేపర్లో ఒక్కసారి రాదు, ఎందుకంటే ఆయనకు నోటు రాయడం రాదు.

2019లో మా పత్రిక జీతం మీద పనిచేసే విలేకరి, మేం స్టాఫర్ అంటాం, రోజూ ఒకటే అడిగేవాడు: ఈ రోజు బస్సులు ఎన్ని తిరిగాయి? సమ్మెలో ఎంతమంది ఉన్నారని అడగలేదు. రెండూ నిజమైన అంకెలే. ఏది అడగాలో ఎంచుకోవడంలోనే పక్షపాతం ఉంది. వేరే పత్రిక మిత్రుడిని వాళ్ళ ఆఫీసు రెండోది మాత్రమే అడిగేది. సాయంత్రం ఇద్దరం ఒకే హోటల్లో టీ తాగుతూ అంకెలు మార్చుకునేవాళ్ళం, కానీ ఎవరి పేపర్లో వాళ్ళదే వచ్చేది.

నల్లబంగారం
ఈ మాట గోడకు రాసుకోవాలి. ఏది అడగాలో ఎంచుకోవడం.

మూడురంగులు
విలేకరి గారు, కానీ కార్మికుల పక్షాన నిలబడిన చానళ్ళు కూడా ఉన్నాయి కదా. వీ6, వెలుగు రోజూ సమ్మె వార్తలు ఇచ్చాయి.

గులాబీ_రైతు
ఇచ్చాయి. ఆ సంస్థల యజమాని వివేక్ 2019 ఆగస్టులో బీజేపీలో చేరారు, అక్టోబరులో సమ్మె. 2023 నవంబరులో కాంగ్రెస్‌లో చేరారు, ఇప్పుడు చెన్నూరు ఎమ్మెల్యే, కొడుకు పెద్దపల్లి ఎంపీ. ఈ మేలో ఆ చానల్ ఎన్ని గంటలు డిపో గేటు దగ్గర ఉందో మీరే లెక్కపెట్టి చెప్పండి.

ఇందూరు_పసుపు
టీవీ9 యాజమాన్యం 2018లో మారింది. కొన్నది మై హోమ్, మేఘా పెద్దల పెట్టుబడి ఉన్న సంస్థ. ఆర్టీసీ 2023లో 550 విద్యుత్ బస్సులకు ఆర్డరు ఇచ్చిన ఒలెక్ట్రా మేఘా గ్రూపుదే. ఇప్పుడు కార్మికుల డిమాండ్లలో ఒకటి విద్యుత్ బస్సులు ఆర్టీసీయే సొంతంగా కొనాలని. నేను ఆరోపణ చేయడం లేదు. ఈ డిమాండు మీద పూర్తి నిడివి చర్చ ఎవరైనా, ఏ చానల్లోనైనా చూసి ఉంటే లింకు పెట్టండి, అంతే.

ఊరికే_చదువుతా
ముగ్గురూ ఎదుటివాడి పేపరు యజమాని వంశవృక్షం కంఠస్థం చేశారు. ఎవరి పేపరు గురించి వాళ్ళకే తెలియదు పాపం.

ఎర్రబస్సు
@ఊరికే_చదువుతా వామపక్షాల పత్రికలకు పార్టీ పేరు బహిరంగంగానే ఉంటుంది. నవతెలంగాణ ఎవరిదో తెలియక ఎవరూ కొనరు.

ఊరికే_చదువుతా
తెలిసి కూడా కొనడం లేదనే కదా బాధ.

మండల_విలేకరి
మీడియాను తిట్టడంలో అన్ని పార్టీలకూ అనుభవం ఉంది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు ఆపేశారు. అదే సెప్టెంబరులో వరంగల్‌లో మీడియాను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎలా బెదిరించారో అందరికీ గుర్తుంది. 2025 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని ఒక పెద్దాయన తిట్టిన వీడియో పెట్టారని యూట్యూబ్ చానల్ మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున ఇంటికి వెళ్ళి అరెస్టు చేశారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పత్రికా స్వేచ్ఛ మీద అందరూ బాగానే మాట్లాడతారు.

యూనియన్ల మాట వచ్చింది కాబట్టి మా సంఘాల గురించీ చెప్పాలి. జర్నలిస్టు సంఘాలూ చీలికలే. గత ప్రభుత్వంలో మీడియా అకాడమీ ఛైర్మన్ పదవి ఒక సంఘం నాయకుడికి వచ్చింది. 2024లో ఇంకో సంఘం నాయకుడికి వచ్చింది. ఇద్దరూ అనుభవజ్ఞులే, నాకు వ్యక్తిగతంగా ఫిర్యాదు లేదు. కానీ ప్రభుత్వం ఇచ్చే పదవిలో ఉంటూ ప్రభుత్వం మీద జర్నలిస్టుల తరఫున ఎంత గట్టిగా పోరాడగలరు? ఇళ్ళ స్థలాల కోసం ప్రభుత్వాల చుట్టూ తిరగడంలోనే మావాళ్ళ జీవితాలు గడిచిపోయాయి. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు హైదరాబాద్ పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, జడ్జీలతో పాటు జర్నలిస్టులకు ఇచ్చిన కేటాయింపులను కూడా కొట్టేసింది. ఆర్టీసీ నాయకుడు అమ్ముడుపోయాడని మేం రాయడం నాకే నవ్వొస్తుంది.

బెజవాడ_బాబాయ్
మా వైపు సంగతి వినండి. మీ వాళ్ళు 52 రోజులు కొట్లాడినది మాకు సమ్మె లేకుండానే వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. సాక్షి చదివితే స్వర్ణయుగం, మిగతావి చదివితే ఉద్యోగులకు పాత వైద్య సదుపాయం పోయిందని గోల. రెండిట్లోనూ నిజం ఉంది.

కానీ నాయకుల తీరుకు మాకూ ఒక ఉదాహరణ ఉంది. 2022లో ప్రభుత్వోద్యోగుల వేతన సవరణ, అదే పీఆర్సీ, ఉద్యమం. మధ్యంతర భృతి 27 శాతం ఉంటే ఫిట్‌మెంట్ 23 ఇచ్చారు. పైగా జనవరిలో ఇంటి అద్దె భత్యం కోస్తూ జీవోలు. ఒకరినొకరు పలకరించుకోని సంఘాలన్నీ కలిసి పీఆర్సీ సాధన సమితి అన్నాయి. ఫిబ్రవరి 3న చలో విజయవాడ. ఎన్ని అడ్డంకులు పెట్టినా బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఆ రోడ్డు అలా నిండడం నేను అంతకుముందు చూడలేదు. రెండు రోజులు తిరగకుండానే మంత్రుల కమిటీతో అర్ధరాత్రి దాకా కూర్చుని సమ్మె విరమించామన్నారు. అద్దె భత్యం కొంత సరిచేశారు, ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగింది. తెల్లారేసరికి ఉపాధ్యాయ సంఘాలు మాకు సంబంధం లేదని బయటికి వచ్చాయి. ఒక పత్రికలో అది చారిత్రక ఒప్పందం, ఇంకో పత్రికలో వెన్నుపోటు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పత్రికలు వాడే మాటలను ఇచ్చిపుచ్చుకున్నాయి.

సుద్దముక్క
@బెజవాడ_బాబాయ్ మా పెద్దమ్మ కూతురు అక్కడ టీచర్. ఆ రోజు నుంచి తను చందా కట్టడం మానేసింది. అడిగితే, నా సంతకం లేకుండా నా తరఫున ఒప్పుకున్నవాడికి నా డబ్బెందుకు అంటుంది.

బెజవాడ_బాబాయ్
మీ అక్క మాటే అసలు సంగతి. రోడ్డు మీదికి రమ్మన్నప్పుడు అందరినీ పిలిచారు. ఒప్పందం అడుగున సంతకం చేసేటప్పుడు నలుగురే.

బ్రాంప్టన్_బావ
ఒంటారియో నుంచి. ఇక్కడ 2022 నవంబరులో 55 వేల మంది బడి సిబ్బంది సమ్మె చేయబోతే డగ్ ఫోర్డ్ ప్రభుత్వం హడావుడిగా చట్టం చేసి సమ్మె నిషేధించింది. చేస్తే మనిషికి రోజుకు 4,000 డాలర్ల జరిమానా. అయినా బయటికి వచ్చారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఫోర్డ్‌ను బలపరిచిన నిర్మాణ కార్మికుల సంఘం లియునా కూడా ఈ చట్టం తప్పంది. నాలుగో రోజుకు ఫోర్డ్ వెనక్కి తగ్గాడు. ఇక్కడా పేపర్లు పార్టీల వారీగానే ఉంటాయి, నాయకుల మీద తిట్లూ ఉంటాయి. కానీ సమ్మెకు ముందు సభ్యుల ఓటు పెట్టారు, 96.5 శాతం సమ్మెకే వేశారు. ఒప్పందం కుదిరాక దాన్నీ ఓటుకు పెట్టారు, 73 శాతం ఒప్పుకున్నారు. అంటే నాలుగోవంతు మందికి నచ్చలేదు, ఆ సంగతీ అందరికీ తెలిసింది. నాయకుడు అమ్ముడుపోయాడన్న చర్చకు అక్కడితో తెరపడింది.

మూడురంగులు
కెనడాతో పోలిక ఎందుకండీ, ఇక్కడి పరిస్థితులు వేరు.

నల్లబంగారం
కెనడా ఎందుకు, గోదావరిఖని చాలు. సింగరేణిలో రహస్య బ్యాలెట్ ఉంది, కేంద్ర కార్మిక శాఖ అధికారులు నడుపుతారు. 2012లో, 2017లో గెలిచింది గులాబీ పార్టీ అండ ఉన్న బొగ్గు గని కార్మిక సంఘం టీబీజీకేఎస్, అప్పట్లో గౌరవాధ్యక్షురాలు కవిత. ఆర్టీసీలో టీఎంయూ కథే ఇక్కడా, పార్టీ అండ, పదవులు, పైరవీలు. తేడా ఎక్కడంటే మాకు మళ్ళీ ఎన్నిక వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు వేశారు, కోర్టు దాకా పోయింది, చివరికి 2023 డిసెంబరు 27న జరిగింది. రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచి నెల కూడా కాలేదు, ఆ పార్టీ అనుబంధ సంఘం ఐఎన్‌టీయూసీదే గెలుపని అందరూ రాశారు. సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ దాదాపు రెండు వేల ఓట్ల తేడాతో గెలిచింది. మా నాన్న బాయి పనిలో ఉన్నప్పటి నుంచీ ఎర్రజెండానే, ఆ రోజు రాత్రి ఇంట్లో పండుగ. పార్టీ గాలి ఎటు వీచినా కార్మికుడు వేరేగా వేస్తాడని తేలింది. ఆర్టీసీలో చివరి ఎన్నిక 2016లో. తొమ్మిదేళ్ళయింది. ఎవరు ఎవరి తరఫున మంత్రితో మాట్లాడుతున్నారో ఎవరికి తెలుసు?

ఎర్రబస్సు
అందుకే గుర్తింపు ఎన్నికలు పెట్టాలని, యూనియన్ల మీద ఆంక్షలు ఎత్తేయాలని కూడా డిమాండ్లలో ఉంది. ఆ ఒక్కదానికి ఖజానా నుంచి రూపాయి అక్కర్లేదు. మూడురంగులు గారు, దానికి కూడా కమిటీ కావాలా?

మూడురంగులు
అన్నీ ఒక్కరోజులో కావు. పదేళ్ళ విధ్వంసం సరిచేయాలి.

ఊరికే_చదువుతా
బ్యాలెట్ పెట్టె కొనడానికి కూడా ఆర్థిక పరిస్థితి బాగాలేదేమో.

గులాబీ_రైతు
ఎన్నిక పెట్టమనే నేనూ అంటున్నాను. పెడితే ఎవరు గెలుస్తారో చూద్దాం.

టికెట్టు_టికెట్టు
@గులాబీ_రైతు 2018లో గడువు తీరితే పెట్టనిది ఎవరు? ఇప్పుడు పెట్టనిది ఎవరు? రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు చెప్పే పార్టీ మనిషి ఇంతవరకు నాకు కనబడలేదు. టీఎంయూ కూడా సమ్మె తర్వాత చీలిపోయింది. ఎవరికి ఎంత బలం ఉందో ప్రభుత్వానికే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బలం తెలియని నాయకులు పది మంది ఉండడమే ఏ ప్రభుత్వానికైనా హాయి. ఒకరు సమ్మె అంటే ఇంకొకరు వద్దంటారు, ఇద్దరి ఫొటోలూ పేపర్లో వస్తాయి.

ఈ మే వాయిదాకు నేను నాయకులను తిట్టను. 2019 దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు. రెండు నెలలు జీతం లేకుండా మళ్ళీ కూర్చోమంటే ఇంట్లోవాళ్ళే గేటు దాటనివ్వరు. నాయకులకు ఆ సంగతి తెలుసు. తెలిసీ సమ్మె తేదీ ఎందుకు ప్రకటించారన్నదే నా కోపం.

ఇందూరు_పసుపు
దీనికి మాత్రం ఒప్పుకుంటాను.

ఎర్రబస్సు
విలేకరి గారు, ఒక పని చేస్తారా? మా ఊరి డిపోలో గుర్తింపు ఎన్నికల కోసం సంతకాలు సేకరిస్తున్నారు. సంఘాలతో సంబంధం లేకుండా డ్రైవర్లు, మెకానిక్‌లు సొంతంగా చేస్తున్నారు. వార్త వస్తుందా?

మండల_విలేకరి
ఇప్పటికీ రాసే మిత్రులు ఉన్నారు, పంపిస్తాను. సింగిల్ కాలమ్‌కు కూడా హామీ ఇవ్వలేను. ఎవరైనా కండువా వేసుకుని మధ్యలో నిలబడిన ఫొటో ఉంటే మాత్రం అచ్చు ఖాయం.

ఊరికే_చదువుతా
ఏ రంగు కండువా?

మండల_విలేకరి
ఆ రోజు మొదటి పేజీ ప్రకటన ఎవరిదో చూసి చెబుతాను.